కాటాల మేస్త్రీ నిమ్మకాయలు

ముందు చప్పుడే వినిపించింది.

నా తలమీద, పైకప్పుకి అవతల, గుండ్రనిదేదో దొర్లుతోంది. ఒకచోట బయల్దేరి, కొంత దూరం వెళ్ళి, ఆగి, మళ్ళీ వెనక్కి వస్తోంది. అడుగుల చప్పుడు కాదు. కుర్చీ జరిపిన చప్పుడు కాదు. తొందర లేని చప్పుడు. కాసేపటికి అది ఆగింది. తరవాత ఇత్తడి మీద ఇత్తడి తగిలినట్టు ఒక్క 'టంగ్'. కొంచెం నిశ్శబ్దం. ఇంకాస్త సన్నగా 'టింగ్'. ఆ తరవాత, వినిపించిందో, విన్నాననుకున్నానో తెలియనంత సన్నగా మూడోది.

ఆ ఇంటి కింది వాటాలోకి నేను అద్దెకి దిగి అప్పటికి వారం. చలికాలం సగంలో ఉంది. గిన్నెలు ఇంకా అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. కొత్త ఇంట్లో చప్పుళ్ళు ముందు పరిచయమవుతాయి, మనుషులు తరవాత. నీళ్ళ గొట్టం గొణుగుడు, పక్కింటి గొళ్ళెం, వీధిలో ఇనుప షట్టరు ఎత్తే కరకర, అన్నిటినీ ఒక్కొక్కటిగా పోల్చుకున్నాను. పైన దొర్లేదేమిటో మాత్రం అంతుపట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నం అదే నన్ను వెతుక్కుంటూ వచ్చింది. పైనుంచి ఏదో జారి, మెట్లమీద ఒక్కొక్కటిగా గెంతుతూ దిగి, నా గుమ్మానికి తగిలి ఆగింది. తలుపు తీస్తే నిమ్మకాయ. దాని వెనకే, కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ కూడదీసుకుంటూ ఒక పెద్దాయన.

"పట్టుకో అమ్మాయ్, పట్టుకో! అది డెబ్బై రెండు గ్రాములది!"

"నిమ్మకాయేగా బాబాయ్ గారూ. ఎక్కడికి పారిపోతుంది?"

"ఇక్కడిదాకా పారిపోయే వచ్చిందిగా!"

కళ్ళజోడుకి ఒక పక్క కాడ బదులు దారం. వేళ్ళ గీతల్లో ఎన్ని సబ్బులు అరగదీసినా వదలని ఇత్తడి నలుపు. నా చేతిలోంచి నిమ్మకాయ తీసుకుని, అరచేతిలో ఒకసారి ఎగరేసి, "కాస్త ఒరుసుకుపోయింది. అయినా డెబ్బై రెండే" అని తనలో తాను అనుకుని, వచ్చినంత జాగ్రత్తగానూ పైకెక్కిపోయారు.

వీధిలో అందరూ ఆయన్ని కాటాల మేస్త్రీ అనేవారు. బజారు వెనకసందులో తలుపంత వెడల్పు కొట్టు. కూరగాయల వాళ్ళవీ, పళ్ళవాళ్ళవీ, పాత ఇనుం కొనేవాళ్ళవీ కాటాలు ఆ కొట్టుకొచ్చి బాగుపడేవి. వంగిన ముల్లు సరిచేయడం, తుప్పు రాలగొట్టడం, అరిగిన తూకపు రాళ్ళ అడుగున సీసం పోసి మళ్ళీ నిజాయితీపరుల్ని చేయడం ఆయన పని. అంకెలు మెరిసే కొత్త యంత్రాలు వచ్చాక పని తగ్గింది గాని, బజారులో ఆయన నడిచి వెళ్తుంటే అమ్మేవాళ్ళ చేతులు ఇప్పటికీ ఒక క్షణం తడబడతాయి.

"మేస్త్రీ గారొస్తే నేనే కాదు, నా కాటా కూడా ఊపిరి బిగబడుతుంది" అనేది పళ్ళకొట్టు అక్క. "తప్పు చేయకపోయినా భయమే. మా ఆయన్ని చూసి కూడా ఇంత భయపడలేదు నేను."

"మీ ఆయనకి ముల్లు లేదుగా" అనేవారు మేస్త్రీ, నవ్వకుండా.

మరో రెండు వారాలకి, ఒక సాయంత్రం, ఆయన నన్ను పైకి పిలిచారు. "ఒక చిన్న సాక్ష్యం చెప్పాలి. పది నిమిషాలు" అన్నారు.

ఒకటే పెద్ద గది. కిటికీ పక్కన మంచం, మంచం పక్కన బల్ల, బల్లమీద రెండు పళ్ళేల ఇత్తడి కాటా. నేను విన్న టంగ్, టింగ్ దానివే. గదికి ఆ చివర ఒక మెట్టు దిగితే వంటిల్లు. వంటింటి చెక్కబల్ల మధ్యలో ఒక పల్లం ఉంది. లోతైనది కాదు, చెయ్యి ఆనిస్తేనే తెలుస్తుంది. అక్కడే ఏళ్ళ తరబడి ఒక చెయ్యి నిమ్మకాయల్ని దొర్లించింది. అలా దొర్లిస్తే తొక్క మెత్తబడి, లోపలి రసం వదులవుతుంది. ఇప్పుడు ఆ పల్లంలోనే ఆయన దొర్లిస్తున్నారు.

"మా ఆవిడ చెయ్యి" అన్నారు, నేను చూసింది గమనించి. "నాది ఇందులో పట్టదు. పెద్దది."

అప్పటికి ఆవిడ పోయి రెండు నెలలు. ఆవిణ్ణి నేను చూడనే లేదు. అయినా ఆ పల్లంలో చెయ్యి పెట్టగానే, ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళిన కుర్చీలో కూర్చున్నట్టు సిగ్గనిపించింది.

బల్లమీద రెండు గాజు సీసాలు. ఒక దాంట్లో బద్దలు పసుపచ్చగా, పాలిపోయిన ఎండలా ఉన్నాయి. రెండో దాంట్లోవి పాత ఇత్తడి రంగు. వెలుతురుకి ఎదురుగా పెడితే ఊట తేనెలా సాగుతూ కదిలింది.

"ఈ నల్లగా ఉన్నది ఆవిడది. ఈ ఏడాది నిమ్మకాయలు నేనే తెచ్చిచ్చాను. ఊరేసింది. నెల తిరక్కుండా వెళ్ళిపోయింది. అల్మారాలో ఈ ఒక్క సీసా ఉంది. బద్దలు ఇరవై ఐదు. ఇదిగో, ఈ పచ్చగా ఉన్నది నాది. ఇరవై ఒక్క రోజులైంది. మూడు వారాలకి ముక్క మెత్తబడుతుందని ఆవిడ ఎవరికో చెబుతుంటే విన్నాను. తిని చెప్పు, ఏముందో."

తిన్నాను. "ఉప్పు ఉంది. పులుపు ఉంది. అల్లం తెలుస్తోంది, పచ్చిమిరపకాయ కూడా. చివర్లో చేదు."

"చేదు ఎంత?"

"చేదుని ఎలా కొలుస్తాం బాబాయ్ గారూ?"

"అదే వచ్చిన చిక్కు" అన్నారు. తన సీసాలోంచి ఒక బద్ద తిన్నారు, నీళ్ళు తాగారు, కాసేపు ఆగారు. అప్పుడు ఆవిడ సీసా మూత తిప్పి, పొడి చెంచాతో ఒకే ఒక్క బద్ద తీసుకుని నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఆ బద్ద నోట్లో కరుగుతున్నంతసేపూ గదిలో మేం ఇద్దరం కాదు, ముగ్గురం ఉన్నాం. కిటికీ రెక్క కదల్లేదు. వీధిలో షట్టర్లు కూడా దింపలేదెవరూ. తరవాత బద్ద ఆయన గొంతు దిగింది. కళ్ళు తెరిచారు. మళ్ళీ ఇద్దరమే.

"కాదు" అన్నారు. "దగ్గరక్కూడా రాలేదు."

ఆ ఒక్క బద్దా నాకు పెట్టలేదు. అడగాలని నాకూ అనిపించలేదు. కొట్లో ఆయన దగ్గర మఖ్మల్ గుడ్డ పరిచిన ఒక పెట్టె ఉండేది, అందులో అసలు రాళ్ళు. మిగతా రాళ్ళన్నిటినీ వాటితో పోల్చి సరిచూస్తారు. వాటిని ఉత్తచేత్తో ఎవరూ తాకకూడదు.

"ఇది నా అసలు రాయి అమ్మాయ్" అన్నారు సీసా మూత బిగిస్తూ. "ఇది ఉన్నంతకాలమే నేను వెతకగలను. నా నాలుకని నేను నమ్మను. ఆర్నెల్లుపోతే ఏదో ఒకటి తిని, ఇదే ఆవిడ రుచి అని సరిపెట్టుకుంటుంది. అందుకని ఇవి అయిపోయేలోగా కుదరాలి. కుదరకపోతే ఇంక ఎప్పటికీ కుదరదు."

"అంటే వెతికినప్పుడల్లా ఒక బద్ద తరిగిపోతుందిగా?"

"ఏ రాయైనా అంతే. తూచిన ప్రతిసారీ కొంత అరుగుతుంది."

మిగిలిన తన పచ్చటి సీసాని నా చేతిలో పెట్టారు. మూతమీద అంటించిన కాగితంలో తేదీ, నిమ్మకాయల బరువు, ఉప్పు బరువు, అల్లం బరువు, గ్రాముల్లో. "పరీక్ష తప్పింది. పారేయడానికి మనసొప్పదు. ఉంచుకో."

కిందికొచ్చి, ఆ చేదు ఇంకా నాలుక మీదుండగా, దాన్ని అటకమీద, ఖాళీ సూట్‌కేసు వెనక పెట్టేశాను. ఆయనకి ఆ సంగతి చెప్పలేదు. రుచిగా ఉందనే అన్నాను.

అలా మొదలైంది. ఒక్కో చలికాలంలో ఎనిమిది ప్రయత్నాలు. ఎనిమిది సీసాలు, ఎనిమిది ఇరవై ఒక్క రోజులు, ఆవిడ సీసాలో ఎనిమిది బద్దలు తక్కువ. ఉప్పు తగ్గించారు, పెంచారు. వేయించారు. దంచిన ఉప్పు వేశారు, రాళ్ళుప్పు వేశారు. నిమ్మకాయల్ని కాటామీద జతలు జతలుగా ఎంచారు. ఊట రంగు కుదరడం లేదని ఒకసారి బెల్లం వేశారు. ఏదీ కాలేదు. పరీక్ష తప్పిన సీసాలు పళ్ళకొట్టు అక్కకీ, షట్టరు రిపేరు చేసేవాడికీ వెళ్ళేవి. వాళ్ళు వారం తిరక్కుండా తినేసేవాళ్ళు. "మేస్త్రీ గారి తప్పులు అన్నంలోకి బావుంటాయి" అనేది అక్క.

ఆ సాయంత్రాల్లోనే ఆయన కథ నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. ఆవిడ కాటాని వంటింటి మెట్టు దిగనిచ్చేది కాదట. ఉప్పు పిడికిలితో, అల్లం కంటితో, పచ్చిమిరపకాయ ఆ రోజు కోపాన్ని బట్టి.

"నీ పిడికిలి ఒకరోజు పెద్దగా ఉంటుంది, ఒకరోజు చిన్నగా ఉంటుంది. అదేం కొలత? అనేవాణ్ణి."

"ఏమనేవారు?"

"నిమ్మకాయలూ అంతేగా, అనేది." ఆయన కాటా పళ్ళేన్ని వేలితో తాకితే అది ఊగి ఊగి ఆగింది. "నలభై ఒక్క ఏళ్ళు వాదించుకున్నాం. ఇప్పుడు నేనే గెలిచాను చూడు. ఆవిడ ఉప్పూ అల్లం కాటా ఎక్కేశాయి. ఏం లాభం!"

ఇంకొక సంగతి. ప్రతి చలికాలం, ఊరేసిన మర్నాటినుంచే ఆయన కొట్టునించి రాగానే వంటింటి మెట్టు దగ్గర నిలబడి, "అయిందా?" అని అడిగేవారట. ఆవిడ తల తిప్పకుండా, "ఇంకా కాలేదు" అనేది. మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే.

"విసుక్కునేవారు కాదా?"

"ఎందుకు విసుక్కుంటుంది? ఆ ఒక్కమాట కోసమే కదా నేను అడిగేది. కొన్నాళ్ళకి అడగడం మర్చిపోయేవాణ్ణి. అప్పుడెప్పుడో కంచంలో బద్ద కనిపించేది. అయిందన్నమాట అనుకుని తినేవాణ్ణి."

మూడో చలికాలంలో ఆవిడ చెల్లెలు వచ్చింది. రెండు బస్సులు మారి, చేతిలో సంచీ, నోట్లో ఎప్పుడూ ఒక వేళాకోళం. బడి క్యాంటీన్‌లో వంట చేస్తుంది. ఆ రోజు మేస్త్రీ సీసాలో టీ డికాక్షన్ కలిపారు, రంగు కోసం. ఆమె ఒక బద్ద కొరికి, కళ్ళు పెద్దవి చేసింది.

"బావా, ఇది నిమ్మకాయా? టీలో పడి చచ్చిపోయిన కప్పా?"

"రంగు వచ్చిందా లేదా అది చెప్పు."

"వచ్చింది. గోడకి వేసుకోవచ్చు."

"వేళాకోళం మాని చెప్పవే. ఉప్పెంత వేసేది మీ అక్క?"

"పిడికెడు."

"ఎవరి పిడికెడు?"

"నాదా ఏంటి? దానిదే" అని ఆమె నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. తల తిప్పి, కొంగుతో సీసా మూత తుడవడం మొదలుపెట్టింది. తుడవాల్సిందేమీ లేదక్కడ. "దాని చెయ్యి రాదులే బావా. వదిలెయ్" అంది కాసేపటికి. ఆయన వదల్లేదు. ఆ ఏడాది ఇంకా రెండు సీసాలు పెట్టారు.

నాలుగో చలికాలం వచ్చింది. బజారులో నిమ్మకాయలు రాసులు పోశారు. గుమ్మాల ముందునుంచి నడిచి వెళ్తుంటే కోటు చేతులకి కూడా ఆ వాసన అంటేది. నా తలమీద మాత్రం ఏ చప్పుడూ లేదు. ఒక వారం చూశాను, రెండు వారాలు చూశాను. అలవాటైన చప్పుడు ఆగిపోతే ఇల్లు చెవిటిదైనట్టుంటుంది. పళ్ళకొట్టు అక్క నన్ను ఆపి అడిగింది.

"మీ పైవాటా ఆయనకి ఒంట్లో బావుందా? గంప పక్కనపెట్టి ఉంచాను. రాలేదు. నా కాటా పాడవుతుందేమో, ఎవరికీ భయపడక!"

పైకి వెళ్ళాను. ఆయన మంచంమీద కూర్చుని ఉన్నారు. బల్లమీద ఆవిడ సీసా. అడుగున వేలెడు ఊట, అందులో ఒకే ఒక్క బద్ద.

"ఒకటే ఉంది" అన్నారు. "ఇంకొక్కసారే తూచగలను. ఈసారి తప్పితే, ఇంక నాకు తెలీదు. అసలు ప్రయత్నమే చేయకపోతే, ఈ బద్ద ఉంటుంది. కానీ ఉండి?"

కిటికీలోంచి వచ్చిన వెలుతురు సీసాలో దూరి, బద్ద చుట్టూ తిరిగి, బల్లమీద చిన్న బంగారు మచ్చగా పడింది. ఆయన చెయ్యి ఆ మచ్చ పక్కనే ఉంది. దాన్ని కప్పలేదు.

ఆ నెలలోనే ఇంటి యజమాని నా వాటాకి సున్నం వేయించాడు. అటక ఖాళీ చేయాల్సి వచ్చింది. సూట్‌కేసు లాగితే, దాని వెనక దుమ్ము పట్టిన గాజు సీసా. మొదట గుర్తుపట్టలేదు. నా దగ్గర అంత నల్లటిదేదీ లేదు. మూతమీది కాగితం తుడిచాను. ఆయన అక్షరాలు. నేను అద్దెకి దిగిన చలికాలం తేదీ. ఆయన మొదటి సీసా, ఎండలా పాలిపోయి ఉన్నది, దాచానని నేనే మర్చిపోయింది.

పాడైందనుకున్నాను. మూత బిగుసుకుపోయింది. గుడ్డ పట్టి తిప్పితే లోపల్నించి ఒక వాసన లేచింది. పులుపు వాసన కాదు. పులుపు జ్ఞాపకం లాంటి వాసన. చివర కొంచెం కొరికాను. మూడేళ్ళు నేను మర్చిపోలేని ఆ చేదు లేదు. ఎక్కడికి పోయిందో లేదు. తొక్క నాలుకమీద దానంతటదే విడిపోయింది. ఆవిడ రుచి నాకు తెలియదు, ఒక్కసారీ తినలేదు. కానీ ఆ రంగు తెలుసు. ఇరవై నాలుగు సాయంత్రాలు దాని ఎదురుగా కూర్చున్నాను.

చేతులకి సున్నం ఉండగానే మెట్లెక్కాను.

"బాబాయ్ గారూ, ఇది తినండి. ఏం అడక్కండి."

ఆయన కాగితం చూశారు. నన్ను చూశారు. "ఇది నువ్వు తినలేదా?"

"లేదు. చేదుగా ఉందని దాచేశాను. మీతో అబద్ధమాడాను."

ఆయన ఒక బద్ద నోట్లో పెట్టుకున్నారు. కళ్ళు మూసుకోలేదు. మూసుకోవడం మర్చిపోయారు. నమలడం ఆగిపోయింది. తరవాత లేచి, వంటింటి మెట్టుదాకా వెళ్ళి, దిగకుండా నిలబడి, వెనక్కి వచ్చారు. ఫోను తీసి మరదలికి చేశారు. ఆమె గొంతు గదంతా వినిపించేంత గట్టిది.

"ఏమే, మీ అక్క ఊరేసినవి ఎన్నాళ్ళకి తీసేది?"

"మూడేళ్ళకి. ఏం?"

"మూడు వారాలకి కాదా?"

"మూడు వారాలకి ముక్క మెత్తబడుతుంది బావా, తినడానికి కాదు. అదేం, ఇప్పుడడుగుతున్నావు?" అటువైపు గిన్నెలు మోగాయి. "నువ్వెన్నాళ్ళకి తింటున్నావు?"

"ఇరవై ఒక్క రోజులకి."

"ఇరవై ఒక్క రోజులకా!"

"మరి ఈ సీసా? ఆ ఏడాది నిమ్మకాయలు నేనే తెచ్చాను కదే."

"ఆ ఏడాదివీ, అంతకుముందు రెండేళ్ళవీ నేను పట్టుకుపోయాను. పచ్చివి, ఊరాలి కదా. నువ్వొక్కడివే, వెంటనే తినడానికి పనికొస్తుందని పాతది నీకు వదిలాను. అవీ ఊరకముందే మా ఇంట్లోవాళ్ళు ఖాళీ చేసేశారులే." ఆమె గొంతులో వేళాకోళం జారిపోయింది. "నన్నెప్పుడైనా అడిగావా బావా? ఉప్పెంత అన్నావు, అల్లమెంత అన్నావు. ఎన్నాళ్ళు అని ఒక్కసారి అడిగావా?"

ఆయన ఫోను పెట్టేశారు. బల్లమీద కాటా, దాని పక్కన గ్రాముల్లో రాసుకున్న కాగితాల కట్ట. ఆయన ఆ కట్టని చూస్తూ మెల్లగా నవ్వారు. అలాంటి నవ్వు నేను అంతకుముందు చూడలేదు, తరవాతా చూడలేదు.

"అన్నీ తూచాను అమ్మాయ్. తూచరానిదొక్కటే మర్చిపోయాను." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆవిడ చెప్తూనే ఉంది. రోజూ చెప్పింది. ఇంకా కాలేదు, ఇంకా కాలేదు అని. ఆటకి అంటోందనుకున్నాను."

ఆవిడ సీసాలోని చివరి బద్ద తీశారు. వద్దని అనబోయాను.

"ఉంచుకోండి. మరదలు గారు చెప్పారుగా. ఇంక పోల్చక్కర్లేదు."

"పోల్చడానికి కాదు" అన్నారు. కత్తితో బద్దని రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కనీ కాటా ఒక్కో పళ్ళెంలో పెట్టారు. ముల్లు ఒక పక్కకి వాలింది. బరువున్న ముక్క చివర సన్నగా కోసి అటు వేశారు. ముల్లు ఊగి, నిటారుగా నిలిచింది. "నువ్వు ఇన్నేళ్ళూ నా తప్పులన్నీ తిన్నావు. ఆవిడ చేతిది ఒక్కసారి తిను."

తిన్నాను. ఆయనా తిన్నారు. రెండూ ఒకటే. ఆయన చేతి బద్దకీ, ఆవిడ చేతి బద్దకీ మధ్య నా నాలుకకి ఏ తేడా అందలేదు. చెప్పాను.

"ఒకటే" అన్నారు. ముల్లు నిలిచినప్పుడు గిరాకీలకి చెప్పే గొంతుతో. కానీ ఆయన చూపు వంటింటి వైపే ఉంది. "ఎప్పటికైనా రుచి కుదిరితే, లోపల్నించి ఎవరో 'సరిపోయిందా ఉప్పు?' అని అడుగుతారనుకున్నాను. పిచ్చి."

వీధిలో ఎవరో షట్టరు దింపారు. బద్దలు అయిపోయిన ఆ సీసాని ఆయన కడగలేదు. అడుగున ఉన్న వేలెడు ఊటా అలాగే ఉంచి, మూత బిగించి కిటికీలో పెట్టారు.

మర్నాడు పొద్దున పళ్ళకొట్టు అక్క గొంతు వీధి చివరిదాకా వినిపించింది. "వచ్చారండీ మేస్త్రీ గారు! అందరూ కాటాలు సర్దుకోండి!" ఆ మధ్యాహ్నం నా తలమీద మళ్ళీ దొర్లింది. గుండ్రంగా, మెల్లగా. నేను చేస్తున్న పని ఆపి కూర్చుని విన్నాను. కాసేపటికి అది ఆగింది. టంగ్ కోసం ఎదురుచూశాను. రాలేదు. చాలాసేపు చూశాను. టింగ్ కూడా రాలేదు. పిడికిలితో ఉప్పు పడితే ఎలాంటి చప్పుడవుతుందో, ఆ చప్పుడు కింది వాటాదాకా రాదు.

సాయంత్రం ఆయనే దిగొచ్చారు. చేతిలో బుట్ట. బుట్టలో మూడు సీసాలు, పాలిపోయిన ఎండలా పచ్చగా. మూతలమీద కాగితాల్లేవు. కొత్త సున్నం వాసనేస్తున్న నా అటకవైపు తలెత్తి చూశారు.

"ఇవి నీ దగ్గర పెట్టు. ఆ సూట్‌కేసు వెనకే. మా ఇంట్లో ఉంటే నేను ఆగలేను. నా సంగతి నాకు తెలుసు, ఇరవై ఒకటో రోజుకి మూత తీసేస్తాను."

"మూడేళ్ళు బాబాయ్ గారూ" అన్నాను. అనేశాక ఆయన వయసు గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాను.

ఆయన నా మొహం చదివేశారు. "మూడేళ్ళే. నా వయసు తూచడానికి నాకు ముల్లు కావాలా? అందుకే మూడు పెట్టాను. ఒకటి నాకు, ఒకటి నీకు, ఒకటి మా మరదలికి. ఎవరిదెవరికి మిగిలినా పాడవదు."

సీసాలు ఒక్కొక్కటిగా అందిస్తుంటే స్టూలెక్కి అటకమీద పెట్టాను. మూడోది పెట్టి సూట్‌కేసు ముందుకి జరిపాను. ఆయన వెళ్ళిపోవడానికి గుమ్మందాకా వెళ్ళి, కమ్మీ మీద చెయ్యి వేసి, అక్కడే ఆగారు. వీపు నావైపు ఉంది.

"రేపు కొట్టునించి వచ్చేటప్పుడు ఇక్కడ నిలబడి, అయిందా అని అడుగుతాను. ఇంకా కాలేదు, అను. నవ్వుతూ అనకు అమ్మాయ్. ఆవిడ నవ్వేది కాదు."